అద్దెకున్నవారు ఇబ్బంది పెడుతున్నప్పుడు: ఇంటి యజమానులకు ఒక పాఠం



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ సామెతకు “ఇల్లు అద్దెకిచ్చి చూడు” అన్నది కూడా చేర్చాలని మన విచారణల్లో చాలామంది అంటూ ఉంటారు. మన కుటుంబాలలో ఇంటి యజమానులంటే పెద్ద ధనవంతులు కారు. బడిలోనో, ఆసుపత్రిలోనో, రైల్వేలోనో ముప్పై ఏళ్ళు పనిచేసి, వచ్చిన డబ్బుతో పైన ఒక పోర్షన్ వేసుకున్నవారు. భర్త చనిపోయిన తరువాత ఆ పోర్షన్ అద్దెతోనే మందులూ, బియ్యమూ కొనుక్కొనే తల్లులు. ఇటువంటివారి ఇంట్లో ప్రతి చిన్నదానికీ పేచీ పెట్టేవారు అద్దెకు దిగితే రాత్రి నిద్ర ఉండదు. జపమాల చేతిలో ఉన్నా మనసు మేడమీదే ఉంటుంది.

“ఫాదర్, క్షమించమంటారు సరే, ఇంటి అద్దె ఎవరిస్తారు?” అని విచారణ గురువులను అడిగేవారున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. దైవవాక్కు, శ్రీసభ బోధ, మన దేశపు చట్టం ఈ మూడూ ఈ విషయంలో ఏమి చెబుతున్నాయో ఈ వారం కలిసి నేర్చుకుందాం. అద్దెకుంటున్న కుటుంబాలవారు కూడా దీనిని చదవాలి. తాళంచెవి ఏ చేతిలో ఉన్నా ఆజ్ఞలు అందరికీ ఒకటే.

1. ఇల్లు ఎవరిది?

లేవీయకాండము 25వ అధ్యాయం 23వ వచనంలో దేవుడు ఇశ్రాయేలు ప్రజలకు ఒక మాట గుర్తుచేస్తాడు. భూమి తనదేననీ, వారు తన యొద్ద పరదేశులుగా, ఆశ్రయం పొందినవారుగా ఉంటున్నారనీ ఆ మాట సారాంశం. పట్టా మన పేరున ఉన్నా, ఇంటి పన్ను మనమే కట్టినా, దేవుని ముందు మనం కూడా అద్దెకున్నవారమే. ఒకనాడు మనమూ ఖాళీ చేయవలసినవారమే.

అంటే సొంత ఇల్లు ఉండటం తప్పని కాదు. 13వ లియో పాపుగారు 1891లో కార్మికుల స్థితిగతులను గూర్చి వ్రాసిన విశ్వలేఖలో సొంత ఆస్తి కలిగి ఉండే హక్కును గట్టిగా సమర్థించారు. అదే లేఖలో, ఆస్తిని వాడుకొనేటప్పుడు తోటివారి అవసరాన్ని మరువరాదని కూడా బోధించారు. ఈ రెండు మాటలూ కలిపి పట్టుకోవాలి. మొదటిది వదిలితే మనం మోసపోతాం. రెండవది వదిలితే మనమే మోసం చేస్తాం.

అద్దెకుండటం అవమానమూ కాదు. పునీత పౌలుగారు రోము నగరంలో రెండు సంవత్సరాలు అద్దె ఇంట్లోనే ఉండి, తన యొద్దకు వచ్చినవారందరికీ సువిశేషం బోధించారని అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయం చెబుతుంది. ఇతరుల ఇంట తలదాచుకొనేవారు ఎన్ని మాటలు పడవలసి వస్తుందో సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 29వ అధ్యాయం కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. ఊరంతా చుట్టాలే గాని ఉట్టి కట్టను తావు లేదన్న మన సామెత కూడా ఆ బాధనే చెబుతుంది. ఇల్లు వెదుక్కుంటూ వచ్చినవారిని మీ కులమేమిటి, మీదేమి మతం అని అడిగి పంపివేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఒకటి కతోలికుల ఇల్లు అయితే, ఆ ఇంటి గోడమీద ఉన్న సిలువకు అర్థమేముంటుంది?

2. “పేచీకోరు” అనే ముందు

మనం ఇబ్బంది పెడుతున్నారనేవారు అందరూ ఒక రకం కారు. ముందు ఈ తేడా తెలుసుకోవాలి. లేకపోతే ఒకరికి వేయవలసిన మందు మరొకరికి వేస్తాం.

మొదటి రకం, న్యాయమైనది అడిగేవారు. వానకు పైకప్పు కారుతోంది, స్విచ్ ముట్టుకుంటే షాక్ కొడుతోంది, మరుగుదొడ్డి గొట్టం నిండిపోయింది అని వీరు నెలలో నాలుగుసార్లు చెబుతారు. నాలుగుసార్లు ఎందుకు చెప్పవలసి వచ్చింది? మొదటిసారి చెప్పినప్పుడు మనం మేస్త్రీని పిలవలేదు కాబట్టి. ఇక్కడ పేచీ వారిది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, యజమాని చేయించవలసిన మరమ్మతును చెప్పిన తరువాత కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. చట్టమే వారి పక్షాన ఉన్నప్పుడు మనం వారిని గయ్యాళులనటం ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధం.

రెండవ రకం, ఒప్పుకున్నదానికి మించి అడిగేవారు. దిగేటప్పుడు సున్నం వేయించి ఇచ్చాం. ఆరు నెలలకే రంగులు మార్చమంటారు. ఇద్దరమన్నారు, ఇప్పుడు ఏడుగురున్నారు, నీళ్ళు చాలటం లేదు మోటారు ఇంకోసారి వేయమంటారు. రాత్రి పది గంటలకు బల్బు పోయిందని తలుపు కొడతారు. కింది ఇంటివారు పెరట్లో బట్టలు ఆరవేసుకోకూడదంటారు. వీరితో కావలసింది స్పష్టత, ఓర్పు.

మూడవ రకం, అన్యాయం చేసేవారు. డబ్బు ఉండి కూడా అద్దె ఎగవేయటం, చెప్పకుండా వేరేవారికి ఇల్లు అప్పగించటం, గోడలు పగలగొట్టటం, తాగి ఇరుగుపొరుగును బెదిరించటం. దీనిని సహిస్తూ కూర్చోవటం పుణ్యం కాదు. వారి తప్పును మనం పెంచి పోషించినట్టే అవుతుంది. ఇరుగుపొరుగుకు కూడా అన్యాయం చేసినట్టే.

ఈ రాత్రి ఒక కాగితం తీసుకొని, మీ అద్దెదారు గడచిన మూడు నెలల్లో అడిగినవన్నీ వరుసగా వ్రాయండి. ప్రతిదాని పక్కనా 1, 2, 3 అని వేయండి. చాలా ఇళ్ళలో మొదటి అంకె అనుకున్నదానికన్నా ఎక్కువసార్లు వస్తుంది. ముందు ఆ పనులు చేయించండి. మన వైపు బాకీ తీర్చుకున్న తరువాతే ఎదుటివారి బాకీ అడగటానికి నోరు వస్తుంది.

3. మాట ఉంటే చాలదు, రాత ఉండాలి

“మనం ఒకే విచారణవాళ్ళం, మనకు కాగితాలెందుకు?” అనే మొహమాటం చాలా తగవులకు విత్తనం. పునీత రెండవ జాన్ పౌలు పాపుగారు 1992లో ప్రకటించిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఏడవ ఆజ్ఞను వివరిస్తూ (2410వ పేరా), అమ్మకం, కొనుగోలు, అద్దె, పని ఈ ఒప్పందాలన్నీ మంచి మనస్సుతో చేసుకొని, మంచి మనస్సుతో నెరవేర్చాలని బోధిస్తుంది. అద్దె ఒప్పందం కూడా దొంగిలించవద్దు అన్న ఆజ్ఞ కిందికే వస్తుందని చాలామందికి తెలియదు.

కాగితం మీద వ్రాయవలసినవి: నెల అద్దె ఎంత, ఏ తేదీలోగా ఇవ్వాలి, అడ్వాన్సు ఎంత, తిరిగి ఎప్పుడు ఇస్తారు, ఎంతమంది ఉంటారు, కరెంటు బిల్లు, నీళ్ళ ఖర్చు ఎవరిది, మోటారు ఏ వేళల్లో వేస్తారు, చిన్న మరమ్మతులు (కుళాయి వాషరు, బల్బు) ఎవరివి, పెద్ద మరమ్మతులు (పైకప్పు, గొట్టాలు, వైరింగ్) ఎవరివి, ఖాళీ చేయటానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏటా అద్దె ఎంత పెరుగుతుంది. మన ఊళ్ళలో కాగితం పదకొండు నెలలకు వ్రాసుకోవటం వాడుక. సంవత్సరానికి మించిన ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదట చెప్పటమే దీనికి కారణం. అయితే అద్దె చట్టాలు రాష్ట్రాన్నిబట్టి మారుతాయి కాబట్టి, కాగితం వ్రాసే ముందు మీ ఊరిలో తెలిసిన న్యాయవాదిని ఒకసారి అడగటం మంచిది.

ఇల్లు అప్పగించే రోజున ఇద్దరూ కలిసి గది గదీ తిరిగి ఫ్యాన్లు, స్విచ్చులు, కిటికీ అద్దాలు, కుళాయిలు లెక్క చూసి వ్రాసుకోవాలి. ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటే ఇంకా మంచిది. అద్దె ముట్టిన ప్రతిసారీ రసీదు ఇవ్వాలి. ఫోన్ ద్వారా డబ్బు పంపినా, నోటు పుస్తకంలో తేదీ వేసి ఇద్దరూ సంతకం పెట్టుకోవచ్చు. ఇదంతా అపనమ్మకం అనుకోవద్దు. మనిషికి మరుపు సహజం. రాత ఆ మరుపునుండి స్నేహాన్ని కాపాడుతుంది.

4. మాట్లాడే పద్ధతి: ప్రభువు చూపిన మూడు మెట్లు

మత్తయి సువిశేషం 18వ అధ్యాయం 15 నుండి 17 వచనాలలో, సోదరుడు తప్పు చేసినప్పుడు ఏమి చేయాలో ప్రభువు వరుసగా చెప్పారు. ముందు ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకొని వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజేయాలి. మనం చేసేది దీనికి తలక్రిందులు. ముందు వీధి అంతటికీ చెబుతాం, తరువాత గుడి దగ్గర చెబుతాం, చివరకు ఆ మనిషితో మాట్లాడతాం. అప్పటికి మాట మిగలదు, కోపమే మిగులుతుంది.

మొదటి మెట్టు ఎక్కేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. కోపంగా ఉన్నప్పుడు మేడ ఎక్కవద్దు. పిల్లల ముందు, వారి ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు అడగవద్దు. ఒక్కసారి ఒక్క విషయమే మాట్లాడండి. పాతవన్నీ తవ్వవద్దు. ఇవ్వగలిగినది ఏమిటో, ఇవ్వలేనిది ఏమిటో తేలికగా చెప్పండి.

ఉదాహరణకు, అద్దెకున్న అబ్బాయి వచ్చి, “పిన్నిగారూ, ఇల్లంతా రంగులు వేయించాలి, హాల్లో ఇంకో ఫ్యాను కావాలి, లేకపోతే ఈ నెల అద్దె ఇవ్వను” అన్నాడనుకోండి. “నీలాంటివాళ్ళను ఎంతమందిని చూశాను” అంటే తగవు మొదలవుతుంది. భయపడి “సరేలే నాయనా” అంటే వచ్చే నెల ఇంకోటి అడుగుతాడు. “బాబూ, కూర్చో. వంటింటి గోడకు చెమ్మ వచ్చిన మాట నిజమే, అది నా పని. శనివారం మేస్త్రీ వస్తాడు. మిగిలిన రంగులు మనం వ్రాసుకున్న కాగితంలో లేవు, నా దగ్గర అంత డబ్బూ లేదు. ఫ్యాను నువ్వు కొనుక్కొని వేసుకో, వెళ్ళేటప్పుడు తీసుకువెళ్ళు. అద్దె మాత్రం అయిదో తేదీకి ఇవ్వాలి, నాకు మందులు అందులోనే” అంటే ఏమి జరుగుతుంది? అందులో తిట్టు లేదు, భయం లేదు, అబద్ధం లేదు. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు మాట్లాడమని ప్రభువు కొండమీద బోధించినది ఇదే.

ఏదీ వెంటనే తేల్చలేకపోతే, “ఆదివారం పూజ తరువాత చెబుతాను” అని గడువు పెట్టండి. ఆ గడువును మీరే తప్పవద్దు. మాట్లాడిన తరువాత నిర్ణయించుకున్నది రెండు వాక్యాలలో వ్రాసి వారికి ఇవ్వండి, లేదా ఫోన్‌లో పంపండి.

రెండవ మెట్టులో తోడు తీసుకువెళ్ళేవారు ఇద్దరికీ కావలసినవారై ఉండాలి. మన తమ్ముడినీ, బావమరిదినీ వెంటబెట్టుకొని వెళితే అది సాక్ష్యం అనిపించుకోదు, దండయాత్ర అవుతుంది. వీధిలో పెద్దమనిషి, ఆఫీసులో వారి పైవారు, ఇద్దరూ కతోలికులైతే విచారణ సంఘపు పెద్ద ఒకరు చాలు. ఇద్దరూ ఒకే విచారణవారైనప్పుడు మూడవ మెట్టుగా గురువులను ఆశ్రయించవచ్చు. అయితే గురువులు న్యాయమూర్తి కారు. వారు కలిపి కూర్చోబెడతారు, ప్రార్థిస్తారు, మార్గం చూపుతారు. మన పక్షాన తీర్పు చెప్పలేదని వారిమీద అలగటం తగదు.

5. అద్దె ఆగినప్పుడు

ఇక్కడ విశ్వాసి మనస్సు ఎక్కువగా నలుగుతుంది. అద్దె ఎందుకు ఆగిందో ముందు తెలుసుకోవాలి. ఉద్యోగం పోయిందా, ఇంట్లో ఆపరేషన్ జరిగిందా, లేక కొత్త బండి కొన్నారా? ఉన్నవాడు ఎగవేయటం, లేనివాడు ఇవ్వలేకపోవటం ఒకటి కాదు.

నిజంగా కష్టంలో ఉన్నవారి విషయంలో ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం మనకు గొప్ప పాఠం. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం బాకీదారు ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలి. పేదవాడు కప్పుకొనే వస్త్రాన్ని తాకట్టు పెడితే పొద్దుగూకేలోగా తిరిగి ఇవ్వాలి. బాకీ ఉన్నదని దేవుడు కాదనలేదు. బాకీ వసూలు చేసేటప్పుడు కూడా పేదవాని గడపకు మర్యాద ఉందన్నాడు.

దయ చూపేటప్పుడు కూడా లెక్క ఉండాలి. నెలకు రూ.6,000 అద్దె, మూడు నెలలు ఆగింది అనుకుందాం. బాకీ రూ.18,000. పని దొరికిన తరువాత నెలకు రూ.6,000 అద్దెతోపాటు రూ.1,500 చొప్పున పాత బాకీ తీర్చేటట్టు ఒప్పుకుంటే పన్నెండు నెలల్లో తీరిపోతుంది. అది వ్రాసుకోండి. మీకు శక్తి ఉండి ఒక నెల అద్దె వదిలివేయాలనుకుంటే, “ఈ నెలది వదిలేశాను” అని స్పష్టంగా చెప్పి పుస్తకంలో కొట్టివేయండి. తరువాత కోపం వచ్చినప్పుడు దానిని మళ్ళీ ఎత్తవద్దు. పెద్ద బాకీ క్షమింపబడిన సేవకుడు చిన్న బాకీకోసం తోటివాని గొంతు పట్టుకున్న ఉపమానం (మత్తయి 18:23-35) మనకు తెలుసు గదా.

శక్తి లేని యజమాని అద్దె వదలలేకపోతే అది పాపం కాదు. విధవరాలి మందుల డబ్బు కూడా పేదవాని సొమ్మే. అప్పుడు ఆ కుటుంబాన్ని పునీత విన్సెంట్ డి పాల్ సభవారి దృష్టికి తీసుకురావటం, తక్కువ అద్దె ఇల్లు వెదకటంలో సహాయపడటం కూడా ప్రేమే.

6. ఎన్నడూ చేయకూడనివి

కోపం ఎంత ఉన్నా ఈ పనులు చేయవద్దు. నీళ్ళు ఆపటం, కరెంటు ఫీజు తీసివేయటం, వారు ఊరు వెళ్ళినప్పుడు తాళం మార్చటం, సామాను వీధిలో పెట్టటం, లేనప్పుడు మారు తాళంచెవితో ఇంట్లోకి వెళ్ళటం, ఆడపిల్లల రాకపోకల మీద మాటలు అనటం. నీళ్ళు ఆపితే ముందు దప్పిగొనేది తగవు పెట్టినవాడు కాదు, ఏమీ తెలియని అతని బిడ్డ. దాహంగా ఉన్నప్పుడు మీరు నాకు నీళ్ళిచ్చారా అని ప్రభువు అడిగేనాడు, “ఒప్పందం తప్పారు గనుక కుళాయి కట్టేశాను” అని చెప్పగలమా?

చట్టం కూడా ఇదే చెబుతుంది. అద్దెదారు అనుభవిస్తున్న సౌకర్యాలను సరియైన కారణం లేకుండా యజమాని ఆపకూడదని 1960లో మన రాష్ట్రంలో వచ్చిన అద్దె నియంత్రణ చట్టమే నిషేధించింది. చట్టప్రకారం కాకుండా బలవంతంగా ఖాళీ చేయించబడినవారు ఆరు నెలల్లోగా దావా వేసి మళ్ళీ స్వాధీనం పొందవచ్చని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. అంటే మన పక్షాన న్యాయం ఉన్నా, మన తొందరపాటు వలన అది వారి పక్షానికి వెళ్ళిపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి పడితే మన కాలికే తగులుతుంది.

7. విడిపోవలసి వస్తే

మూడు మెట్లూ ఎక్కినా ఫలితం లేకపోతే, ఖాళీ చేయమని అడగటం పాపం కాదు. ద్రాక్షతోట కౌలుదార్ల ఉపమానంలో యజమాని ఓర్పుతో మళ్ళీ మళ్ళీ సేవకులను పంపాడు. అయినా లెక్క అడగటం మాత్రం మానలేదు. పౌలుగారు కొరింతు సంఘంలో విశ్వాసులు ఒకరినొకరు న్యాయస్థానాలకు ఈడ్చుకోవటాన్ని గద్దించారు. అందువలననే ముందు సంఘంలో సర్దుకొనే ప్రయత్నం చేయాలి. అదే పౌలుగారు తనకు అన్యాయం జరుగబోతున్నప్పుడు చక్రవర్తికి విన్నవించుకున్నారు (అ.కా. 25:11). చట్టాన్ని ఆశ్రయించటం పగ తీర్చుకోవటం కాదు. పగ మన చేతిలోకి రాకుండా చట్టానికి అప్పగించటం.

ఒప్పందంలో వేరే షరతు లేనప్పుడు, నెలవారీ అద్దెకు పదిహేను రోజుల వ్రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలని 1882 చట్టం 106వ సెక్షన్ చెబుతుంది. కాని పదిహేను రోజుల్లో ఇల్లు దొరకటం ఎంత కష్టమో మనకు తెలుసు. పరీక్షల సమయంలో, ఇంట్లో పురుడు వచ్చిన సమయంలో వీలైతే ఇంకొక నెల గడువివ్వండి. నోటీసు మర్యాదగా వ్రాయండి. అవసరమైతే న్యాయవాది ద్వారా పంపండి.

వెళ్ళేరోజున అడ్వాన్సు లెక్క ఎదురుగా చూసుకోండి. అడ్వాన్సు రూ.12,000, మిగిలిన కరెంటు బిల్లు రూ.840, పగిలిన కిటికీ అద్దం రూ.650 అనుకుంటే, తీసుకోవలసినది రూ.1,490, తిరిగి ఇవ్వవలసినది రూ.10,510. వాడుకవలన మాసిన సున్నానికీ, అరిగిన కుళాయికీ డబ్బు పట్టుకోవటం న్యాయం కాదు. సహజమైన అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని చట్టం కూడా అంటుంది. ఇంతకాలం బాధపెట్టారన్న కోపంతో అడ్వాన్సు మింగితే, వారి తప్పుకు మన తప్పు తోడవుతుంది, పాపసంకీర్తనంలో చెప్పుకోవలసినది మనకు మిగులుతుంది. తరువాత ఇల్లిచ్చేవారు ఫోన్ చేసి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, లేనిది కలపవద్దు.

ప్రియ పాఠకులారా, బేత్లెహేములో మరియమ్మకు, జోజప్పగారికి సత్రంలో చోటు దొరకలేదని ప్రతి క్రిస్మస్‌కు మనం విచారిస్తాం. వారికి చోటు ఇవ్వనివారు దుర్మార్గులని సువిశేషం అనలేదు. బహుశా వారు కూడా పనుల ఒత్తిడిలో ఉన్నవారే. మన ఇంటి తలుపు తట్టేవారు ఎప్పుడూ మంచివారై ఉండరు. అయినా వారితో మనం వ్యవహరించే తీరు మన చేతిలోనే ఉంటుంది.

కుటుంబ ప్రార్థన తరువాత మాట్లాడుకోవటానికి ప్రశ్నలు

1. మన అద్దెదారు అడిగినవాటిలో మనం చేయవలసి ఉండి చేయనిది ఏమైనా ఉందా?

2. వారిని గూర్చి ఇరుగుపొరుగుతో చెప్పిన మాటలను వారి ఎదుట చెప్పగలమా?

3. మనమే అద్దెకుంటున్నట్లయితే, ఇంటిని మన సొంత ఇల్లులాగా చూసుకుంటున్నామా? అద్దె అనుకున్న తేదీకి ఇస్తున్నామా?

4. కులం, మతం పేరుతో ఎవరికైనా ఇల్లు లేదన్నామా?

ఈ వారం ఆచరణ: ఆగిపోయిన మరమ్మతు ఒకటి పూర్తిచేయించండి. అద్దె పుస్తకం లేకపోతే ఒకటి ప్రారంభించండి. రోజూ జపమాలలో ఒక మంగళవార్త జపాన్ని మేడమీద, లేదా కింద ఉన్న ఆ కుటుంబంకోసం, వారి పేర్లు తలచుకొని చెప్పండి.